సాంచెలు ఆగితే ఏడ్చే పిల్ల

పరమేశ్వర్ ఇంట్లో గుసగుస అనే మాటే లేదు. ఉప్పు అందుకోమన్నా కేకే, దుప్పటి కప్పమన్నా కేకే. సూరత్ గోడాదరాలో ఆ గల్లీకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, ఈ మొగుడూ పెళ్లాలు కొట్టుకు చస్తున్నారనుకుని మొదట్లో తలుపు సందులోంచి తొంగి చూసేవారు. చూస్తే ఏముంది? ఇద్దరూ చాపమీద ఎదురెదురుగా కూర్చుని, చాయ్ తాగుతూ, ఊళ్లో మేనల్లుడి పెళ్లి ముచ్చట చెప్పుకుంటూ ఉండేవారు. పాపం, చూడవచ్చినవాళ్లే సిగ్గుపడి వెళ్లిపోయేవారు.

అందులో వింతేం లేదు. జగిత్యాల పక్క పల్లెనుంచి వచ్చి, పెళ్లైన నాటినుంచీ సూరత్ సాంచెల మీదే బతుకుతున్న మనుషులు. సాంచె అంటే మరమగ్గం. అవి నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. మనకు బ్యాంకులో ఉండే ఖాతా కాదు, అదుంటే ఇంత దూరం ఎందుకొస్తారు? ఖాతాలో సాంచెలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే నోటిమాటకు దిక్కుండదు. అక్కడంతా సైగలే. రెండు వేళ్లు కలిపి చటుక్కున విడదీస్తే పోగు తెగిందని. అరచెయ్యి బోర్లించి ఊపితే సేఠ్ వస్తున్నాడు, జర జాగ్రత్త అని. పరమేశ్వర్ సాంచెలు నడిపేవాడు, వినోద అదే ఖాతాలో దారం కండెలు చుట్టేది. ఆ కేకలూ ఆ సైగలూ వాళ్లతోపాటే ఇంటికొచ్చి స్థిరపడ్డాయి.

వాళ్లకు ఒక్కతే కూతురు, సంధ్య. ఆ పిల్లా అంతే, కేక పెట్టనిదే మాట్లాడదు. చిన్నప్పుడు వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. "నెత్తికెక్కిందా ఏందే, పిలుస్తుంటె పలుకవు!" అని వినోద వీపు మీద ఒకటిచ్చుకునేది. బడిలో టీచర్లు ధ్యాస లేదనేవారు. సంధ్య కూడా తనకు బుర్ర తక్కువేమోననే అనుకుంది. అయినా మొండిది. పుస్తకం ముందేసుకుని, టీచరు చెప్పినదాన్ని ఇంట్లో తానే మళ్లీ చదువుకుని, పన్నెండో తరగతి దాటేసింది.

దాటి, ఎవరూ వినని చదువొకటి పట్టుకొచ్చింది. కార్లు తయారుచేసే కార్ఖానాల పని నేర్పే కోర్సు. ఆరు నెలలు కాలేజీలో పాఠాలు, ఆరు నెలలు నిజం కార్ఖానాలో పని, మళ్లీ పాఠాలు, మళ్లీ పని. కార్ఖానాలో చేసిన పనికీ మార్కులుంటాయి. అది చేయనిదే పట్టా రాదు. చివరికి ఆ కార్ఖానావాళ్లే ఉద్యోగమిచ్చి ఉంచుకుంటారని ఆశ.

"గదేం చదువే వినోదా, సగం సగం?" అంది పక్కింటి ప్రమీల.

"సగం గాదే, డబలు!" అంది వినోద. ఆ జవాబు తనకే ఎంత నచ్చిందంటే, ఎవరూ అడక్కపోయినా గల్లీలో నలుగురికీ చెప్పుకుని వచ్చింది.

మొదటి ఆరు నెలల క్లాసులు సంధ్య ముందు బెంచీలో, సారు మొహంలోకి గుడ్లప్పగించి చూస్తూ గడిపింది. సారు బోర్డు వైపు తిరిగాడా, ఇక అంతే, పాఠం పోయినట్టే. పక్కన కూర్చునే ఒడియా పిల్ల భాగీరథి తన నోట్సు ఇచ్చేది.

తర్వాత పల్సానా దాటాక హైవే పక్కనున్న కారు విడిభాగాల కార్ఖానాలో పడ్డారు ఇద్దరూ. ప్రెస్ షాపులో పని. ఇంత ఎత్తు ప్రెస్సు ధన్‌మని దిగితే చదును రేకు కాస్తా కారు తలుపై బయటికొస్తుంది. మిగతా పిల్లలు మొదటి రోజే తలలు పట్టుకున్నారు. చెవుల్లో దూది లాంటి బిళ్లలు పెట్టుకుని, ఒకరి మాట ఒకరికి అందక, అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. సంధ్య మాత్రం పుట్టింటికి వచ్చినట్టు తిరిగింది. సూపర్‌వైజరు అంత దూరంలో పెదవులు కదిపితే చాలు, ఇక్కడ ఆమెకు పని తెలిసిపోయేది. ఖాతా సైగలు అందరికీ నేర్పేసింది. పోగు తెగిందనే సైగ అక్కడ రేకు ఇరుక్కుందనే సైగ అయింది. సేఠ్ వస్తున్నాడనే సైగ మాత్రం అక్కడా అదే అర్థంతో చెల్లింది. పెద్దవాళ్లంటే ఎక్కడైనా పెద్దవాళ్లే కదా.

"అమ్మా, ఆడ నాకు మంచిగున్నది," అంది ఒకరోజు అన్నం తింటూ. "క్లాసుల నాకు దిమాకు లేదనుకున్న. ఆడ అందరికంటె ముందు నాకే సమజైతది."

వినోద ఆ మాటకు పొంగిపోయింది. ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది. క్లాసులో అర్థంకానిది ఆ మోతలో ఎట్లా అర్థమవుతోందని అడగాలని ఆమెకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

ఆ ఆరు నెలలూ అయ్యాక కార్ఖానావాళ్లు పిల్లలందరికీ చెవుల పరీక్ష చేయించారు. ప్రెస్ షాపులో పనిచేసేవాళ్లకు అది వాళ్ల రూలు. అందరి కాగితాలూ మామూలుగా వచ్చాయి. సంధ్యను మాత్రం, ఇంటి మనిషిని వెంటబెట్టుకుని పట్నంలోని పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ఖాతాకు సెలవు పెట్టి వినోద వెళ్లింది.

అక్కడో చిన్న అద్దాల గది. లోపల సంధ్యను కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. బయట మిషన్ ముందు ఓంప్రకాష్ అనే కుర్రాడు. అతను మీట నొక్కితే పిల్ల చెవిలో కూత మోగుతుంది, మిషన్ మీద పసుపు దీపం వెలుగుతుంది. పిల్లకు వినబడి బటన్ నొక్కితే పక్కనే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. తలుపు దగ్గర నిలబడిన వినోదకు ఆ సంగతి రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. పసుపు వెలిగింది, ఆకుపచ్చ వెలిగింది. తర్వాత పసుపు, పసుపు, పసుపు.

డాక్టరమ్మ మంచిదే. విసుక్కోలేదు. చిన్నప్పుడు చెవుల్లో చీము కారిందా, పెద్ద జ్వరమేదైనా వచ్చిందా అని హిందీలో ఒక్కొక్కటే అడిగింది. లేదంది వినోద. మీ ఇంటి దగ్గర చప్పుడు ఎక్కువా అని అడిగింది.

ఆ ప్రశ్నకే వినోద మొహం విప్పారింది. ఎందుకంటే దానికి ఆమె దగ్గర ఒక కథ ఉంది. ఏ చుట్టం ఇంటికొచ్చినా చెప్పే కథ, చెప్పిన ప్రతిసారీ అందరూ నవ్వే కథ.

"అయ్యో, దీనికి చప్పుడంటె భయమే లేకుండె మేడం! మూడో నెలనుంచె నాతోటి ఖాతాల ఉండె. ఇంట్ల చూసేటోళ్లు లేరాయె. మా సేఠ్ మంచోడు, తెచ్చుకోమన్నడు. సాంచె పక్కకే చీరతోటి తొట్టెల కట్టిన. గంత మోతల కూడ కమ్మగ పండుకునేది. కరెంటు పోయి సాంచెలు ఆగితెనే కెవ్వుమని లేచి ఏడ్చేది. మల్ల కరెంటు రావాలె, మల్ల ఇది పండుకోవాలె!"

వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగులో, చేతులు ఊపుతూ ఈ కథంతా చెప్పి నవ్వింది వినోద. డాక్టరమ్మ నవ్వలేదు. రాస్తున్న చెయ్యి ఆపి, "ఎన్నాళ్లు?" అంది.

"బడికి పోయేదాంక."

డాక్టరమ్మ కలం కింద పెట్టి, అప్పుడు చెప్పింది. పసిపిల్లల చెవి లోపల చాలా సున్నితంగా ఉంటుందట. పెద్ద మోతకు అక్కడ సన్న వెంట్రుకల్లాంటివి కొన్ని చచ్చిపోతాయట. చచ్చినవి మళ్లీ మొలవవట. ఈ పిల్ల చెవులు, జీవితమంతా మగ్గం దగ్గర గడిపి ముసలిదైన మనిషి చెవుల్లా ఉన్నాయట. కోపంగా చెప్పలేదు. కోప్పడి ఉంటే వినోద తిరిగి ఒక మాటైనా అనేది. ఆమె నవ్వు ఇంకా మొహంమీదే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలని కూడా తెలియలేదు.

వినికిడి మిషన్ పెట్టుకుంటే క్లాసులో, ఇంట్లో ఉపయోగమే. ప్రెస్సుల దగ్గర మాత్రం అది పెట్టుకుని నిలబడితే ఉన్నది కూడా పోతుంది. రెండు వారాలు ఏ చప్పుడూ లేనిచోట ఉండి రండి, ఇంకోసారి పరీక్ష చేద్దాం, ఒక్కోసారి కొంచెం మెరుగవుతుంది. అప్పుడూ ఇంతే ఉంటే ప్రెస్ షాపుకు పంపను, నేను సంతకం పెట్టను. అదీ డాక్టరమ్మ మాట. ప్రెస్ షాపు పని చేయకపోతే మార్కులు లేవు, మార్కులు లేకపోతే ఈ కోర్సే లేదు, కావాలంటే ఇంకేదైనా కోర్సులోకి మారుస్తాం. అది కాలేజీ మాట.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వినోద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పరమేశ్వర్‌కు చెబితే ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, తన చెవులు తానే రెండు చేతులతో పట్టుకున్నాడు.

చప్పుడు లేని చోటు గోడాదరాలో ఎక్కడ దొరుకుతుంది? పక్క గోడ అవతలే సాంచెలు. అందుకని సంధ్యను కోసాడ్‌లో సర్కారు ఇళ్లల్లో ఉండే బాలవ్వ దగ్గరికి పంపారు. బాలవ్వ పరమేశ్వర్‌కు మేనత్త. కొడుకు వేరే పోయాడు, ముసలామె ఒక్కతే ఉంటుంది. సాంచెలకు సెలవున్న రోజు వినోద బిడ్డను చూడబోయింది.

"పిల్ల బుద్ధిమంతురాలే గని," అంది బాలవ్వ మంచంమీద కూర్చుని ఒళ్లు గోక్కుంటూ, "ఈ దోమలతోటి సస్తున్న. కుడితె కుట్టినయ్, చెవుల ఆ రొద ఏందే తల్లీ! నిద్రే పట్టనియ్యయి."

"దోమ అరుస్తదా?" అంది సంధ్య.

"అరువదా మరి? చెవికాడికొచ్చి సన్నగ పాట పాడుతది గద!"

సంధ్య తల్లివైపు చూసింది. నిజమేనా అని ఆ చూపుకు అర్థం. వినోదకూ తెలియదు. తన చిన్నతనంలో, ఊళ్లో, ఎప్పుడైనా విన్నదేమో గుర్తు చేసుకోబోయింది. గుర్తురాలేదు. బాలవ్వ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, "తమాషలు జేస్తున్నరా నాతోటి?" అని నవ్వేసింది. వాళ్లు కూడా నవ్వారు. ఏం చేస్తారు మరి?

బాలవ్వ చాయ్ పెట్టడానికి లేచాక వినోద కూతురి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఇన్నాళ్లూ ఆమె తల తినేస్తున్న మాట ఇదే.

"సూడు బిడ్డా. మిషన్ మీద పచ్చదీపం... కాదు, పసుపుది, గది ఎలిగినప్పుడే కూత వచ్చినట్టు. నేను తలుపుకాడ నిలబడ్త. ఆ పిలగాడు నాకు వీపు పెట్టి కూసుంటడు. నువ్వు అద్దంలకెల్లి నన్నే సూడు. నేను పోగు తెగింది సైగ జేస్త. చెయ్యంగనె బటన్ ఒత్తు. అంతే."

సంధ్య తల్లి చేతిలోంచి గడ్డం విడిపించుకుంది.

"గది మోసం గాదా అమ్మా?"

"ఎవలిని ముంచినమే? ఎవల నోటికాడిది గుంజుకున్నం? నీకు పని రాదా? నీ అంత మంచిగ ఆడ ఎవలు జేస్తరు? సూపర్‌వైజరే అన్నడంటివి గద!"

"ఒకటి చెప్పలే నీకు," అంది సంధ్య. "భాగీరథి మోచెయ్యి ఇరిగింది గద. పడ్డదన్న గద నీకు. పడలే. కార్ఖానాల నా వెనుకకెల్లి రేకుల బండి ఎనుకకు వస్తుండె. హారన్ కొట్టిండట. నాకు ఇనవడలే. అది ఉరికొచ్చి నన్ను నూకేసింది. దాని చెయ్యికి తాకింది."

వినోద మొదట బిడ్డ ఒళ్లంతా తడిమింది, ఏదో ఇప్పుడే జరిగినట్టు. ఆ తర్వాతగానీ మోచెయ్యి విరిగిన పిల్ల గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక కూడా ఏమంది?

"గా ముచ్చట ఎవలికి చెప్పకు. ఇంకనుంచి ఎనుక ముందు సూసుకుంట నడువు."

తప్పే. తప్పని ఆమెకూ తెలుసు. కానీ ఆ పిల్ల చెవులు తీసింది తనే అయినప్పుడు, ఆ పిల్ల చదువు కూడా తన చేతిమీదుగానే పోతుంటే చూస్తూ ఊరుకోవాలా? దేవుడే ఎదురొచ్చి వద్దన్నా వినే స్థితిలో లేదు వినోద.

"నేనే జేసిన బిడ్డా ఇదంత," అంది. "నా చేతులార తొట్టెల కట్టిన."

"నువ్వేం జేస్తవమ్మా? ఇంట్ల ఎవరున్నరు నన్ను సూస్తందుకు?" అంది సంధ్య. ఇంకా దగ్గరికి జరిగి తల్లి కళ్లు తుడిచింది. తిట్టి ఉంటే, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి ఉంటే, వినోదకు అంత నొప్పి ఉండేది కాదు.

సైగ సంగతి మాత్రం సంధ్య ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. ఒప్పుకున్నట్టే అనుకుంది వినోద.

రెండో పరీక్ష రోజున ఇద్దరూ పొద్దున్నే ఆసుపత్రి చేరారు. అదే అద్దాల గది, అదే ఓంప్రకాష్. తలుపు దగ్గర నిలబడతానంటే అతను సరేనన్నాడు, ఆ మాట వినీ విననట్టు మిషన్ వైపు తిరిగాడు. అద్దం అవతల సంధ్య డబ్బాలు తగిలించుకుని తల్లివైపు చూసింది. వినోద చెయ్యి కొంగు చాటున సిద్ధంగా పెట్టుకుంది.

పసుపు వెలిగింది. వినోద వేళ్లు విడదీసింది. సంధ్య నొక్కింది. ఆకుపచ్చ. మళ్లీ పసుపు, మళ్లీ సైగ, మళ్లీ ఆకుపచ్చ. ఓంప్రకాష్ తల ఊపాడు, పర్లేదే అన్నట్టు. వినోదకు ప్రాణం లేచొచ్చింది. మనసులోనే ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఇట్లాగే, తల్లీ, ఇట్లాగే. ఇంకాసేపు.

నాలుగోదో ఐదోదో అయ్యాక సంధ్య ఆమెవైపు ఇంకో రకంగా చూసింది. కోపం కాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి మందు వద్దనేటప్పుడు అట్లా చూసేది. చూసి, కళ్లు మూసుకుంది.

పసుపు వెలిగింది. వినోద సైగ చేసింది. కళ్లు మూసుకున్న పిల్లకు సైగేం కనబడుతుంది? మళ్లీ వెలిగింది. కొంగు చాటునుంచి చెయ్యి పూర్తిగా బయటికి తీసి, ఓంప్రకాష్ చూస్తే చూడనీ అని, పైకెత్తి ఊపింది. "కండ్లు తెరువే," అని గొణిగింది, "తెరువే, నీ కాళ్లు మొక్కుత." సంధ్య కళ్లు తెరవలేదు. ఒళ్లో బటన్ రెండు చేతులా పట్టుకుని, నుదురు ముడిచి, చెవులు ఒగ్గి కూర్చుంది. నిజంగా వినాలని చూస్తోంది ఆ పిల్ల. ఉన్న శక్తంతా పెట్టి వింటోంది.

ఒకసారి నొక్కింది. ఆకుపచ్చ వెలిగింది. ఆ నిమిషంలో సంధ్య మొహంలో చిన్న నవ్వు కూడా వచ్చింది, దొరికిందన్నట్టు. తర్వాత పసుపు వెలిగి ఆరింది. మళ్లీ వెలిగి ఆరింది. ఓంప్రకాష్ మీట తిప్పుతున్నాడు, మోత పెంచుతున్నాడు, నొక్కుతున్నాడు. పసుపు. పసుపు. సంధ్య కదలకుండా, ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూస్తూ కూర్చునే ఉంది. వినోద చెయ్యి దానంతటదే కిందికి దిగింది. పోయినసారి ఆమె దీపాలను చూసిందేగానీ, ఆకుపచ్చ ఎందుకు వెలగడంలేదో తెలియదు. ఇప్పుడు అదీ తెలిసి చూస్తోంది. పక్కకు తిరిగిపోదామనుకుంది. తిరగలేదు. తన పిల్లకు అందకుండా పోయినవాటిని తనైనా చూడాలనిపించింది. అవి ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు.

చివరికి ఓంప్రకాష్ లేచి అద్దాల తలుపు తీశాడు. కాగితం చించి, ఆ తల్లీ కూతుళ్ల మొహాలు చూడకుండా, డాక్టరమ్మ గదివైపు వెళ్లాడు.

సంధ్య వరండాలోకి వచ్చింది. తల్లి తిడుతుందని కాబోలు, కాస్త భయంగానే వచ్చి పక్కన బల్లమీద కూర్చుంది. అయితే మొహం తేటగా ఉంది. మోసాన్ని మధ్యలోనే ఆపేశానన్న ధైర్యమో ఏమో.

"నారాజ్ గాకమ్మా," అంది. "నాతోటి కాలే. భాగీరథి యాదికొచ్చింది. అయినా ఇనవడ్డయన్ని ఒత్తిన. ఒక్కటి ఇడువలే." ఆ తర్వాత ఆశగా అడిగింది. "నడుమల మిషన్ ఖరాబైంది గద? చానసేపు ఏం రాలే. నేను సూస్తనే కూసున్న. గది బాగు జేసి మల్ల పెడ్తరా?"

వినోదకు ఒక్క క్షణం అబద్ధం నోటిదాకా వచ్చింది. అవును బిడ్డా, ఖరాబైంది, అంటే సరిపోయేది. డాక్టరమ్మ గది తలుపు తెరుచుకునేదాకా అయినా ఆ పిల్ల ఆ ఆశతో కూర్చునేది. కానీ పక్కన ఉన్నది, లోపల సైగ వద్దని కళ్లు మూసుకున్న బిడ్డ.

"ఖరాబు గాలే బిడ్డా," అంది మెల్లగా, తల వంచుకుని.

"ఆఁ?" అంది సంధ్య.

వినోద తల ఎత్తింది. కూతురి మొహంలోకి చూస్తూ, ఖాతాలో అరిచినట్టు అరిచి చెప్పింది.

"మిషన్ ఆగలే బిడ్డా! మోగుతనే ఉండె!"

వరండాలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. సంధ్యకు ఈసారి వినబడింది.